పాత ఎఫ్‌సీ-150 పెట్రోలు పికప్‌కి ఏ కార్బురేటర్ వేయాలి? బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి?

ప్రశ్న క్లుప్తంగా: పొదలకూరు దగ్గర నిమ్మతోట ఉన్న ఒక తమ్ముడు అడిగారు. వాళ్ళ నాయన కాలం నాటి మహీంద్రా ఎఫ్‌సీ-150 పికప్ ఇప్పటికీ పెట్రోలు ఇంజన్‌తోనే తిరుగుతోంది. తోట నుంచి యార్డుకి నిమ్మకాయల బస్తాలు దాంట్లోనే వేస్తారు. పొద్దున చల్లగా ఉన్నప్పుడు బాగానే పట్టుకుంటుంది. వేడి మీద ఆపితే మాత్రం మళ్ళీ స్టార్ట్ కాదు. లోడుతో మిస్సింగ్, నల్ల పొగ, క్యాబిన్‌లో పెట్రోలు వాసన. మెకానిక్ కార్బురేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజన్‌కి పంపేది) పోయిందన్నాడు. ఇప్పుడు ఆయన ముందు మూడు దారులున్నాయి: ఆన్‌లైన్‌లో దొరికే కొత్త సోలెక్స్ నమూనా (సోలెక్స్ కార్బురేటర్‌ని చూసి చేసినది), అడాప్టర్ ప్లేటు పెట్టి మారుతి 1300 సీసీ కార్బురేటర్, చెన్నై పుదుపేటలో సెకండ్ హ్యాండ్ ఒరిజినల్. ఏది తీసుకోవాలి, సొంతంగా ఎలా బిగించుకోవాలి అని అడుగుతున్నారు.

నా సమాధానం: మారుతిది వద్దు. మీ పాత సోలెక్స్ బాడీ బాగుంటే రిపేరు కిట్ వేసి అదే వాడండి. థ్రాటిల్ షాఫ్ట్ (పెడలు తొక్కితే తిరిగే ఇరుసు) అరిగిపోయి బుష్ కొట్టించడానికి కూడా పనికిరాకపోతే, అదే సైజు ఒకే గొంతు (గాలి పోయే దారి) ఉన్న సోలెక్స్ నమూనా కొత్తది కొనండి. కానీ దాన్ని పెట్టెలోంచి తీసినట్టే బిగించకండి, ఒకసారి విప్పి చూశాకే బిగించండి. వీటన్నిటికంటే ముందు ఒక మాట. మీరు చెప్పిన లక్షణాలన్నీ కార్బురేటర్ మార్చకుండానే పోయే అవకాశం బాగా ఉంది.

నెల్లూరులో మా షెడ్డుకి వచ్చే పాత పెట్రోలు జీపుల్లో "కార్బురేటర్ పోయింది" అని వచ్చేవాటిలో చాలావాటికి జబ్బు ఇంకోచోట ఉంటుంది. అందుకే కొనే ముందు ఏం చూడాలో చెప్తాను. ఈ భాగం దాటేసి నేరుగా బిగించే భాగానికి వెళ్ళొద్దు.

నల్ల పొగ, పెట్రోలు వాసన, వేడి మీద స్టార్ట్ కాకపోవడం, ఈ మూడూ కలిసి వచ్చాయంటే ఇంజన్‌కి పెట్రోలు ఎక్కువ పోతోందని అర్థం. షాఫ్ట్ అరిగితే ఇలా ఉండదు. అప్పుడు పక్క నుంచి గాలి లాగేసి మిశ్రమం పలచనవుతుంది, స్లో (పెడలు తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే వేగం) నిలబడదు, ఆగి ఆగి నడుస్తుంది. మీ బండి గొడవ అది కాదు. కాబట్టి పెట్రోలు ఎక్కువ పోవడానికి కారణాలు ఒక్కొక్కటే వెతకాలి.

మొదట చోక్. నాబ్ పూర్తిగా లోపలికి తోసి, ఇంజన్ దగ్గరికెళ్ళి కార్బురేటర్ మీద చోక్ లీవరు చివరిదాకా వెనక్కి వచ్చిందా చూడండి. కొన్ని సోలెక్స్ రకాల్లో చోక్ అంటే పైన కనిపించే రెక్క కాదు, పక్కన లోపల తిరిగే డిస్కు. కేబులు తుప్పు పట్టి సగంలో ఆగిపోతే పైనుంచి చూసినవాడికి ఏమీ తెలియదు. బండి మాత్రం రోజంతా చోక్ మీదే నడుస్తూ ఉంటుంది.

తర్వాత ఫ్యూయల్ పంపు ప్రెషర్. మీ బండిలో ఉన్న హరికేన్ ఇంజన్‌కి ఉండాల్సింది 2.5 నుంచి 3.75 పీఎస్ఐ మాత్రమే. పాత మెకానికల్ పంపు చెడిపోయి, దాని బదులు ఎవరైనా ఎలక్ట్రిక్ పంపు పెట్టి ఉంటే గేజ్ పెట్టి కొలవండి. ప్రెషర్ 5, 6 దాటితే కార్బురేటర్‌లోకి పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వు ఆపలేదు, పెట్రోలు పొంగి గొంతులోకి దిగిపోతుంది. అలాంటప్పుడు ఎంత ఖరీదైన కార్బురేటర్ వేసినా మర్నాడు మళ్ళీ అదే వాసన వస్తుంది.

మూడోది ఫ్లోట్, అంటే కార్బురేటర్ గిన్నెలో పెట్రోలు మీద తేలుతూ మట్టం చూసేది. ఇత్తడి ఫ్లోట్‌ని తీసి చెవి దగ్గర ఊపండి. లోపల పెట్రోలు చప్పుడు వస్తే అది చిల్లు పడినట్టే. చప్పుడు రాకపోయినా బాగా వేడి నీళ్ళలో ముంచి చూడండి, సన్న చిల్లున్న చోట బుడగలు వస్తాయి. మంట మీద మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, లోపల ఉన్నది పెట్రోలు ఆవిరి. చిల్లుకి సీసం అతికించి మళ్ళీ వాడేవాళ్ళున్నారు. సీసం బరువుకి ఫ్లోట్ కిందికి కూర్చుంటుంది, దాంతో గిన్నెలో పెట్రోలు మట్టం పెరుగుతుంది. కొత్త ఫ్లోట్ వేయడమే మంచిది.

నాలుగోది, మీ విషయంలో నేను అన్నిటికంటే ఎక్కువగా అనుమానించేది: కార్బురేటర్ కింద ఉండాల్సిన ఇన్సులేటర్ దిమ్మ. మీది ఎఫ్-హెడ్ రకం ఇంజన్. దాంట్లో గాలి తీసుకునే వాల్వులు హెడ్డులో, పొగ వదిలే వాల్వులు బ్లాకులో ఉంటాయి. ఇన్‌టేక్ మానిఫోల్డు విడిగా ఉండదు, హెడ్డుతో కలిపే పోత పోస్తారు. కార్బురేటర్ నేరుగా ఆ హెడ్డు మీదే కూర్చుంటుంది. పైగా ఎఫ్‌సీలో ఇంజన్ క్యాబిన్ లోపల, సీట్ల మధ్య మూత కింద ఉంటుంది, గాలి ఆడదు. మధ్యలో మందపాటి బేకలైట్ లేదా ఫైబరు దిమ్మ లేకపోతే, ఇంజన్ ఆపిన పది నిమిషాల్లో హెడ్డు వేడంతా పైకెక్కి గిన్నెలో పెట్రోలు ఉడుకుతుంది. ఆ ఉడికిన పెట్రోలు గొంతులోకి కారుతుంది. మళ్ళీ కీ తిప్పితే ఇంజన్ పట్టదు, పట్టినా నల్ల పొగ, క్యాబినంతా వాసన.

విడవలూరు వైపు రొయ్యల గుంటల దగ్గర తిరిగే జీపు ఒకటి ఇలాగే వచ్చింది. అప్పటికే కార్బురేటర్ మార్చారు, గొడవ పోలేదు. విప్పి చూస్తే దిమ్మ లేదు. ఎప్పుడో మార్చినవాళ్ళు దాన్ని పాత ప్యాకింగ్ అనుకుని పారేసి, కాగితం ప్యాకింగ్ ఒక్కటే పెట్టి బిగించేశారు. దిమ్మ చేయించి పెట్టాక, ముందు పనికిరాదని పక్కన పడేసిన పాత కార్బురేటరే ఇప్పుడు ఆ బండి మీద నడుస్తోంది.

మిస్సింగ్ లోడు మీదే వస్తోందంటున్నారు కాబట్టి ఇగ్నిషన్ వైపు కూడా ఒక చూపు వేయండి. కాయిల్, కండెన్సర్ వేడెక్కాక బలహీనపడితే అచ్చం ఇలాగే ఉంటుంది. పాయింట్ల గ్యాప్ 0.5 మి.మీ., ప్లగ్ గ్యాప్ 0.75 మి.మీ., టైమింగ్ పిస్టన్ పై చివరికి చేరడానికి 5 డిగ్రీలు ముందు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. ట్యాపెట్ల గ్యాప్ చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్ 0.018 అంగుళం, ఎగ్జాస్ట్ 0.016 అంగుళం. ఇవి సరిగ్గా లేకుండా కార్బురేటర్ ట్యూనింగ్ మొదలుపెడితే తిప్పుతూనే ఉంటారు, అది కుదరదు.

ఇవన్నీ చూశాక కూడా కార్బురేటర్‌దే తప్పని తేలితే, అప్పుడు మూడు దారుల్లో ఏదో ఆలోచిద్దాం.

మారుతి కార్బురేటర్ ఎందుకు వద్దంటున్నాను. అది చెడ్డ కార్బురేటర్ కాదు. దాని ఇంజన్ మీద అది చాలా బాగా పని చేస్తుంది. కానీ దానికి రెండు గొంతులు, మీ హెడ్డుకి ఉన్నది ఒకే రంధ్రం. వేరే ఇంజన్ అయితే మానిఫోల్డు మార్చుకోవచ్చు, మీది హెడ్డుతో కలిసిపోయింది కాబట్టి ఆ దారి లేదు. అడాప్టర్ ప్లేటు పెడితే రెండు గొంతుల గాలి వంకరగా తిరిగి ఒక రంధ్రంలో దూరాలి. ఆ మలుపులో పెట్రోలు గోడలకి అంటుకుని చుక్కలుగా దిగుతుంది. ప్లేటు ఎత్తుకి ఎఫ్‌సీ ఇంజన్ మూత పట్టకపోవచ్చు కూడా. దాని జెట్లు 1298 సీసీకి, ఎక్కువ ఆర్పీఎంలో తిరిగే ఇంజన్‌కి లెక్కేసి పెట్టినవి. మీ ఇంజన్ 2199 సీసీ, గరిష్ఠ టార్క్ 2000 ఆర్పీఎం దగ్గరే వస్తుంది. స్లో కట్ సోలినాయిడ్, రిటర్న్ పైపు, వాక్యూమ్ పైపులు అన్నీ కొత్తగా అమర్చుకోవాలి. ఇంత చేసి బండి నడిచినా, రేపు పెంచలకోన దారిలో ఆగిపోతే దాని గురించి తెలిసినవాడు ఒక్కడూ దొరకడు.

పెద్ద కార్బురేటర్ వేస్తే పవర్ పెరుగుతుందని ఒక నమ్మకం ఉంది. లెక్క చూడండి. 2.2 లీటర్ల నాలుగు స్ట్రోకుల ఇంజన్ 4000 ఆర్పీఎంలో నిమిషానికి నిండుగా పీల్చగలిగేది 4400 లీటర్లు. నిజంగా పీల్చేది అందులో ఎనభై శాతం అనుకుంటే సుమారు 3500 లీటర్లు. మీరేమో బస్తాలేసుకుని అందులో సగం వేగంతో తిరుగుతారు. అంత గాలికి 32 సైజు ఒక గొంతు చాలు. సోలెక్స్‌లో ఆ అంకె థ్రాటిల్ రంధ్రం వ్యాసం, మిల్లీమీటర్లలో. గొంతు అనవసరంగా వెడల్పయితే తక్కువ వేగంలో గాలి మెల్లగా పోతుంది, జెట్లోంచి పెట్రోలుని సరిగా లాగలేదు. బండి వేగం అందుకోవడం చచ్చిపోతుంది.

సెకండ్ హ్యాండ్ ఒరిజినల్ దొరికితే చేతిలో పట్టుకుని చూసే కొనండి, ఫోటో చూసి కాదు. థ్రాటిల్ షాఫ్ట్ చివర పట్టుకుని పైకీ కిందికీ కదపండి. చేతికి ఆట తెలిసిందంటే అరిగినట్టే. గిన్నె లోపల తెల్లటి పొడి, గుంటలు ఉన్నాయా చూడండి. మన తీరం వైపు నీళ్ళు కలిసిన పెట్రోలుతో ఏళ్ళ తరబడి పడి ఉన్నవాటిలో ఇది మామూలే. షాఫ్ట్ ఆట ఒక్కటే అయితే భయం లేదు, మంచి లేత్ షాపులో ఇత్తడి బుష్ కొట్టించుకోవచ్చు. సన్న దారుల్లోకి తుప్పు దిగితే మాత్రం బాగు చేయలేం.

చీమకుర్తి క్వారీల దగ్గర తిరిగిన జీపు షాఫ్ట్ ఒకటి నా దగ్గరకి వచ్చింది, వేలు పెడితే కదిలేంత అరిగిపోయింది. కారణం కార్బురేటర్ కాదు, ఎయిర్ క్లీనర్. ఆయిల్ బాత్ రకంలో అడుగున నూనె ఉంటేనే దుమ్ము ఆగుతుంది. వాళ్ళది ఎండిపోయింది, గ్రానైట్ పొడి నేరుగా గొంతులోకి పోయింది. మీరు ఏ కార్బురేటర్ వేసినా అదే రోజు ఎయిర్ క్లీనర్ గిన్నె కడిగి, గీత దాకా కొత్త ఇంజనాయిల్ పోయండి. రబ్బరు గొట్టానికి పగుళ్ళుంటే అది కూడా మార్చండి.

కొత్త నమూనా కొంటే దాంట్లో చూడాల్సినవి ఇవి. ఫ్లాంజ్‌ని (హెడ్డు మీద కూర్చునే అడుగు అంచు) అద్దం ముక్క మీద పెట్టండి, ఊగితే చదునుగా లేనట్టు. అప్పుడు అద్దం మీద సన్న ఎమెరీ పేపరు పరిచి, ఎనిమిది ఆకారంలో మెల్లగా రుద్ది చదును చేయాలి. థ్రాటిల్ ప్లేటుని షాఫ్ట్‌కి పట్టి ఉంచే రెండు చిన్న ఇత్తడి స్క్రూల వెనక చివరలు నలగ్గొట్టి ఉన్నాయా అని చూడండి. కొన్ని చవక వాటిలో ఊరికే బిగించి వదిలేస్తారు. ఆ స్క్రూ ఊడితే నేరుగా సిలిండర్‌లోకే పోతుంది, ఆ తర్వాత అయ్యే ఖర్చు కార్బురేటర్ ఖర్చుతో పోల్చేది కాదు. పైమూత తీసి లోపల పోత పొడి, లోహపు రజను ఉంటే పెట్రోలుతో కడిగి గాలి కొట్టండి. ఫ్లోట్ మట్టం దాంతో వచ్చిన కాగితం ప్రకారం సరిచేయండి. థ్రాటిల్ లీవరు మీ పాతదానితో పక్కపక్కన పెట్టి చూడండి. పొడవులో, రంధ్రం ఉన్న చోటులో తేడా ఉంటే పెడలు సగమే పని చేస్తుంది.

పాతదాన్ని పారేయొద్దు. దాని జెట్ల మీద నంబర్లుంటాయి, అవి ఈ ఇంజన్ కోసం పెట్టినవి. నంబరు అంటే రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. 120 అంటే 1.20 మి.మీ. కొత్తదాంట్లో జెట్లు వేరుగా ఉంటే పాతవాటిని కడిగి దీంట్లో వేసుకోవచ్చు, మర సరిపోతేనే సుమా.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలు సంగతి. 2025 నాటికి పెట్రోలులో ఇథనాల్ 20 శాతానికి చేరింది. మీ ఇంజన్ చేసినప్పుడు ఇది లేదు. శుద్ధమైన పెట్రోలు ఒక భాగం కాలడానికి బరువులో 14.7 భాగాల గాలి కావాలి. ఈ20కి (20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు) సుమారు 13.5 చాలు. అంటే పాత జెట్లతో మిశ్రమం దాదాపు 8 శాతం పలచనవుతుంది. అన్నీ సరిచేశాక బండి లోడు మీద వెనకాడుతూ, ప్లగ్గులు తెల్లగా కనిపిస్తే మెయిన్ జెట్‌ని ఒక మెట్టు పెంచండి. 120 ఉంటే 125. రంధ్రం వైశాల్యం లెక్కన అది సుమారు 8 శాతం పెరుగుదల, సరిగ్గా మనకి కావాల్సినంత. జెట్‌లో డ్రిల్లు బిట్టు తిప్పి పెద్దది చేయడం వద్దు, లోపలి అంచు పాడైతే ఆ జెట్‌కి ఇక లెక్క ఉండదు.

ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బించి మెత్తబరుస్తుంది, ట్యాంకులో పేరుకున్న మడ్డిని కదిలిస్తుంది, గాలిలో తేమని పీల్చుకుంటుంది. అందుకని కార్బురేటర్‌తో పాటు పంపు డయాఫ్రమ్, పికప్ పంపు (పెడలు తొక్కినప్పుడు గొంతులోకి పెట్రోలు చిమ్మేది) డయాఫ్రమ్, రబ్బరు పైపులు అన్నీ ఇథనాల్‌కి ఆగే రకం వేయండి. పైపు మీద ఎస్ఏఈ జే30 ఆర్9 అని ముద్ర ఉంటే నమ్మకంగా వాడొచ్చు. పంపుకి ముందు ఫిల్టరు పెట్టి, మొదటి వారం తర్వాత ఒకసారి మార్చండి. కాయ లేని నెలల్లో బండి కదలకుండా పడి ఉంటుందంటే గిన్నె ఖాళీ చేసి వదలండి. తుఫాను వానల తర్వాత ట్యాంకు అడుగు నుంచి కొంచెం పెట్రోలు సీసాలోకి తీసి, కింద వేరుగా పొర కనిపిస్తోందా చూడండి.

ఇక బిగించడం. షెడ్డు బయట, గాలాడే చోట, ఇంజన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. దగ్గర్లో బీడీ, సిగరెట్ ఉండకూడదు. ఇసుక బకెట్టు గానీ, మంటలార్పే సిలిండరు గానీ చేతికందేలా పెట్టుకోండి. ఈ బండిలో ఇంజన్ మీ పక్కనే ఉంటుంది కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

విప్పే ముందు నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. పెట్రోలు పైపు నట్టు విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడండి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే పైపు మెలిపడి పగులుతుంది. కార్బురేటర్ ఎత్తగానే హెడ్డు రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి, దాని కొస బయటికి వేలాడాలి. పాత ప్యాకింగ్ గీకేటప్పుడు ముక్కలు లోపల పడకూడదు.

కొత్త ప్యాకింగ్, దాని మీద ఇన్సులేటర్ దిమ్మ, మళ్ళీ ప్యాకింగ్, ఆపైన కార్బురేటర్. ఏ రకం గమ్మూ, షెల్లాకూ పూయొద్దు. అది ఊడి లోపలికి పోవచ్చు. నట్లని ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెం బిగించండి. బలంగా తిప్పితే ఫ్లాంజ్ చెవి విరుగుతుంది. అదేమీ ఇనుము కాదు, జింకు పోత.

లింకేజీ కలిపాక స్టార్ట్ చేయకముందే ఈ పరీక్ష చేయాలి. ఇంట్లోవాళ్ళని ఒకరిని సీట్లో కూర్చోబెట్టి పెడలు పూర్తిగా తొక్కించండి. పైనుంచి చూస్తే థ్రాటిల్ ప్లేటు నిటారుగా నిలబడాలి. పెడలు వదలగానే టక్కున మూసుకోవాలి, ఎక్కడా ఆగకూడదు. స్ప్రింగు బలహీనంగా ఉంటే కొత్తది వేయండి. లోడుతో వెళ్తుండగా థ్రాటిల్ తెరుచుకుని ఇరుక్కుంటే ఏం జరుగుతుందో చెప్పక్కర్లేదు.

పంపు చేతి లీవరు ఉంటే దాంతో గిన్నె నింపి, లేకపోతే కొంచెం సెల్ఫ్ తిప్పి, ప్రతి జాయింటునీ వేలితో తడిమి చూడండి. చెమ్మ తగిలితే బిగించాకే స్టార్ట్ చేయాలి. ఇంజన్ మూత వెంటనే వేయకండి, మొదటి పావుగంట తెరిచే ఉంచండి.

ట్యూనింగ్‌కి ఇంజన్ వేడెక్కాలి. స్లో మిశ్రమం స్క్రూని మెత్తగా చివరిదాకా తిప్పి, ఒకటిన్నర చుట్లు వెనక్కి తీయండి. గట్టిగా బిగిస్తే దాని సూది మొన చెడిపోతుంది. వాక్యూమ్ గేజ్ ఉంటే ముల్లు ఎక్కువకి వెళ్ళే చోట ఆపండి. మన సముద్రమట్టంలో ఆరోగ్యంగా ఉన్న ఇంజన్‌కి 17 నుంచి 21 అంగుళాలు (పాదరసం) రావాలి. స్లో 600 ఆర్పీఎం దగ్గర పెట్టండి. స్లోలో షాఫ్ట్ చివర్ల మీద, ప్యాకింగ్ చుట్టూ నూనె డబ్బాతో ఇంజనాయిల్ చుక్కలు వేయండి. చప్పుడు మారిందంటే అక్కడ గాలి లాగుతోంది. దీనికి పెట్రోలు చల్లేవాళ్ళున్నారు, అది చేయొద్దు.

గేజ్ లేకపోతే బంకు దగ్గర పొల్యూషన్ టెస్టు చేసే చోటికి తీసుకెళ్ళి, సీఓ (కార్బన్ మోనాక్సైడ్) అంకె చూస్తూ స్క్రూ సరిచేసుకోండి. మీలాంటి పాత బండ్లకి 3 శాతం లోపు ఉండాలి. తర్వాత లోడు వేసుకుని యార్డుకి ఒక ట్రిప్పు వెళ్ళి, ఇంజన్ ఆపి ప్లగ్గులు విప్పండి. గోధుమ రంగు ఉంటే సరిపోయింది. మసి పట్టి నల్లగా ఉంటే ఫ్లోట్ మట్టం మళ్ళీ చూడండి. తెల్లగా ఉంటే పైన చెప్పిన జెట్ సంగతి చూడండి.

ఎండాకాలం మధ్యాహ్నాలు పెట్రోలు పైపు సైలెన్సరు గొట్టానికి దగ్గరగా పోతుంటే వేడికి పైపులోనే ఆవిరై ఆగిపోతుంది. పైపుని పక్కకి జరిపి క్లిప్పు వేయండి. వేడి మీద స్టార్ట్ చేసేటప్పుడు పెడలు పదే పదే తొక్కకండి, ప్రతి తొక్కుకీ పికప్ పంపు గొంతులోకి పెట్రోలు చిమ్ముతుంది. సగం దాకా తొక్కి అలాగే పట్టుకుని సెల్ఫ్ కొట్టండి.

ఆర్డరు పెట్టే ముందు మీరు చేయాల్సింది: కార్బురేటర్ కింద దిమ్మ ఉందో లేదో చూసి ఫోటో పెట్టండి. ఫ్లాంజ్ స్టడ్ల మధ్య దూరం స్కేలుతో కొలిచి రాయండి. మెయిన్ జెట్ నంబరు, పంపు మెకానికలా ఎలక్ట్రిక్కా అనేది కూడా చెప్పండి. అవి చూసి, కిట్ చాలా, కొత్తది కొనాలా అని చెప్తాను.